అమ్మ చెప్పేది, డాక్టరు చూసేది

మూడేళ్ల బాబును తీసుకుని ఒక కుటుంబం పిల్లల విభాగానికి వస్తుంది. ముందు తల్లి, పక్కన నాయనమ్మ, వెనకాల చేతిలో ఫైలుతో తండ్రి. "బాబు తోటిపిల్లలతో ఆడతాడా అమ్మా?" అని డాక్టరు అడుగుతారు. "ఆడతాడండీ, ఏ గొడవా ఉండదు. గంటసేపైనా తన ఆట తాను ఆడుకుంటాడు" అంటుంది తల్లి. "ఆడటమెక్కడ? పక్కన పిల్లలున్నారన్న ధ్యాసే ఉండదు వీడికి. పదిసార్లు పిలిస్తే ఒకసారి కూడా పలకడు" అంటుంది నాయనమ్మ. తండ్రి ఇద్దరి వంకా చూసి ఊరుకుంటాడు.

ఇలాంటి సన్నివేశం మాకు కొత్త కాదు. కొన్ని ఇళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. తల్లి ఒక్కతే ఆందోళన పడుతుంటే "మగపిల్లలు మాటలు ఆలస్యంగానే నేరుస్తారు, నీది అనవసరమైన భయం" అని మిగతావాళ్లందరూ కొట్టిపారేస్తారు. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అందరూ చూస్తున్నది ఒకే బిడ్డను. అయినా చెప్పేది వేరువేరుగా ఎందుకుంటుంది? దీనికున్న కారణాల్లో మన ఇళ్లలో దాదాపు ఎవరూ మాట్లాడని కారణం ఒకటుంది. అది తల్లి సొంత స్వభావం. ఈ వ్యాసం దాని గురించే. చివరిదాకా చదవమని తండ్రులను, అత్తగార్లను ప్రత్యేకంగా కోరుతున్నాం. ఎందుకంటే ఈ విషయాన్ని సగం విని వదిలేస్తే తల్లికి మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

మీరు చెప్పే మాటకు ఎంత విలువ ఉంది?

ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో పుట్టుకతో వచ్చే తేడా. అది ఉన్న పిల్లలకు ఎదుటివారితో మాట ఇచ్చిపుచ్చుకోవడం, ముఖం చూసి మనసు గ్రహించడం, తోటివారితో కలిసి ఆడుకోవడం కష్టమవుతుంది. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం, చిన్న మార్పును కూడా ఓర్చుకోలేకపోవడం, కొన్ని శబ్దాలకు, స్పర్శలకు బెదిరిపోవడం కూడా ఉంటాయి. అందరిలోనూ ఇది ఒకే మోతాదులో ఉండదు.

జ్వరానికి థర్మామీటరు ఉంది, చక్కెర వ్యాధికి రక్తపరీక్ష ఉంది. ఆటిజంను నిర్ధారించే రక్తపరీక్ష గానీ, స్కానింగు గానీ లేదు. నిపుణులు బిడ్డను గమనించాలి, ఇంట్లోవాళ్లు చెప్పింది వినాలి. ఈ రెండింటినీ కలిపి నిర్ణయానికి రావాలి. అరగంటో గంటో చూసే డాక్టరుకు కనిపించేది కొంతే. ఇరవై నాలుగు గంటలూ వెంట ఉండే తల్లి మాటకు అందుకే అంత బరువు.

మన దేశంలో ఇందుకు వాడే ముఖ్యమైన కొలమానం మన సికింద్రాబాదులోనే తయారైంది. బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పుడు దాని పేరు మారింది, ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు) దాన్ని రూపొందించింది. 2009లో విడుదలైన ఆ కొలమానాన్ని ఐ.ఎస్.ఎ.ఎ. అంటారు. అందులో 40 అంశాలుంటాయి. కళ్లలోకి చూడకపోవడం, పలకరిస్తే నవ్వకపోవడం, ఒంటరిగా ఉండిపోవడం, ఆటలో తన వంతు కోసం ఆగలేకపోవడం వంటివి వాటిలో కొన్ని. ప్రతి అంశానికీ 1 నుంచి 5 దాకా మార్కులు. ఆ లక్షణం అరుదుగా కనిపిస్తే 1, ఎప్పుడూ కనిపిస్తే 5. మొత్తం 70 కన్నా తక్కువైతే ఆటిజం లేదని, 70 నుంచి 106 దాకా స్వల్పమని, 107 నుంచి 153 దాకా మధ్యస్థమని, అంతకు మించితే తీవ్రమని లెక్క.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. మార్కులు వేసేది నిపుణులే అయినా, బిడ్డను గమనించడంతో పాటు ఇంటివాళ్లను అడిగి కూడా వేస్తారు. "తరచుగా" అనాల్సిన చోట తల్లి "అప్పుడప్పుడు" అన్నదనుకోండి, ఆ అంశంలో ఒక మార్కు తగ్గుతుంది. ఇరవై అంశాల్లో అలా జరిగితే ఇరవై మార్కులు తగ్గినట్టే. 80 రావలసిన బిడ్డకు 60 వస్తుంది, ఏమీ లేదని ఇంటికి వెళ్లిపోతారు. ఎక్కువ చేసి చెబితే ఇదే తిరగబడుతుంది. గమనించడంలో ఇలాంటి పొరపాట్లు కొంతవరకు బయటపడతాయి. కానీ కొత్త చోటికి వచ్చి బెదిరి ఏడ్చే బిడ్డను గమనించడం కూడా అంత తేలిక కాదు.

"తరచుగా" అంటే ఎంత? దీనికి ఎవరి కొలత వారిదే. పిల్లవాడి నుదుటి మీద చేయి పెట్టి జ్వరం చూస్తాం కదా. అప్పటిదాకా చన్నీళ్లలో గిన్నెలు తోమిన చేయైతే ఉన్న జ్వరం కన్నా ఎక్కువ అనిపిస్తుంది. వేడి పాలగిన్నె దించిన చేయైతే తక్కువ అనిపిస్తుంది. చేతిది తప్పని అనగలమా?

తల్లిలోనూ ఆ ఛాయలు ఉండవచ్చు

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో, అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో కొందరికి ఆ లక్షణాలే పలుచగా ఉంటాయి. వాటిని వ్యాధి అనలేం, వైకల్యం కూడా అనలేం. నిపుణులు వాటిని ఆటిజం ఛాయలు అంటారు. నలుగురిలో ఉంటే అలసిపోవడం, పెళ్లిళ్లలో బ్యాండు మోతకు తల పగిలిపోతున్నట్టు అనిపించడం, వంటింట్లో డబ్బా జరిగినా చిరాకు పడటం, వేళాకోళాన్ని నిజమనుకోవడం, ఎదుటివారు నోరు విప్పి చెబితే తప్ప వారి మనసులో ఏముందో తెలియకపోవడం, ఫోనులో మాట్లాడాలంటే ముందే మనసులో వల్లె వేసుకోవడం ఇలాంటివి. ఇవన్నీ ఒక్కరిలోనే ఉండాలని లేదు. ఒకటి రెండు ఉన్నంతమాత్రాన ఆటిజం ఛాయలని అనుకోకూడదు. మొహమాటం, సిగ్గు మనలో చాలామందికి ఉన్నవే.

ఆడపిల్లల్లో ఇవి బయటపడవు. మన ఇళ్లలో మాట్లాడని ఆడపిల్లకు మంచి పేరు వస్తుంది. "నెమ్మదస్తురాలు, తల ఎత్తి చూడదు, ఇల్లు కదలదు" అని మెచ్చుకుంటారు. అదే తీరు మగపిల్లవాడిలో కనిపిస్తే ఆరా తీస్తారు. ఇంకొందరు అమ్మాయిలు చిన్నప్పుడే చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు "బాగున్నారా" అనాలో పాఠంలా నేర్చుకుంటారు. పైకి ఏ తేడా కనబడదు. ఆ నేర్పు వెనక ఎంత అలసట ఉందో వాళ్లకే తెలుసు. అలాంటి అమ్మాయే ఒకరోజు తల్లి అవుతుంది.

నింద వేసిన కాలం ఒకటుంది

ఇంతవరకు చదివి "అయితే తల్లి వల్లనే వచ్చిందన్నమాట" అని ఎవరైనా అనబోతే దయచేసి ఆగండి. ఆ మాట ఇదివరకు అన్నారు, చాలా అన్యాయం జరిగింది.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లలను పరిశీలించి ఆటిజం గురించి మొదటిసారి వివరంగా రాశారు. ఆ పిల్లల తల్లిదండ్రులు చాలామంది తమ లోకంలో తాముండే మనుషులని, ఆప్యాయత తక్కువని కూడా అందులో రాశారు. ఆ మాటను పట్టుకుని తరువాత వచ్చినవారు తల్లి ప్రేమ చూపకపోవడం వల్లనే బిడ్డ ఇలా తయారైందని ప్రచారం చేశారు. అలాంటి తల్లులకు "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ 1967లో ఒక పుస్తకమే రాసి ఈ వాదాన్ని జనంలోకి తీసుకెళ్లారు. ఎందరో తల్లులు తామే బిడ్డను పాడుచేశామని ఏళ్ల తరబడి కుమిలిపోయారు. ఆటిజం ఉన్న కొడుకు గల బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1964లోనే ఇది పెంపకం వల్ల వచ్చేది కాదని, శరీరంలో పుట్టుకతో ఉన్న కారణమని వాదించినా నింద వెంటనే పోలేదు.

1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనే పరిశోధకులు 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో 4 జంటల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరువేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్క జంటలో కూడా ఇద్దరికీ లేదు. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే పెంపకం. తేడా జన్యువుల్లో ఉంది. ఒకే అండపు కవలల్లో ఆటిజం లేని రెండోవారిలో కూడా మాటకు, నేర్చుకోవడానికి సంబంధించిన ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. ఛాయలు అన్న ఆలోచనకు ఇలాంటి పరిశోధనలే దారి తీశాయి.

జన్యువులు తల్లి నుంచీ వస్తాయి, తండ్రి నుంచీ వస్తాయి. కొన్నిసార్లు ఇద్దరిలోనూ లేని మార్పు బిడ్డలో కొత్తగా రావచ్చు కూడా. ముభావంగా ఉండే తండ్రిని "పెద్దమనిషి, పని తప్ప వేరే ధ్యాస లేదు" అంటాం. అదే తీరు తల్లిలో ఉంటే తప్పు వెతుకుతాం. ఈ వ్యాసంలో తల్లి గురించే ఎక్కువగా చెప్పడానికి కారణం ఒక్కటే. ఆసుపత్రిలో ప్రశ్నలకు జవాబు చెప్పేది ఎక్కువగా ఆమే కాబట్టి.

ఆ ఛాయలు ఆమె చూపును ఎలా మారుస్తాయి?

మొదటిది, బిడ్డ తీరు ఆమెకు మామూలుగా అనిపించవచ్చు. "నేనూ చిన్నప్పుడు ఇంతే. మా నాన్న కూడా ఎవరితో మాట్లాడేవారు కాదు. ఇద్దరం బాగానే ఉన్నాం కదా" అంటుంది. తన పుట్టింటి తీరే ఆమెకు కొలబద్ద. ఆ కొలబద్ద పెట్టి చూస్తే బిడ్డలో తేడా కనబడదు. ఇలా ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. శిక్షణ బాగా పనిచేసే పసివయసు ఆ లోపలే జారిపోతుంది.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. బడిలో ఒంటరిగా కూర్చున్న రోజులు, అర్థం కాక నలుగురిలో నవ్వులపాలైన సందర్భాలు ఆమె మరచిపోలేదు. బిడ్డ పక్కకు తిరిగి ఆడుకుంటుంటే ఆ రోజులే కళ్లముందు నిలుస్తాయి. చిన్న విషయం కూడా పెద్దగా కనిపిస్తుంది. అలాగని ఆమెది భ్రమ అనుకోవద్దు. అందరూ పట్టించుకోని సూక్ష్మమైన తేడాను మొట్టమొదట పట్టుకునేది చాలాసార్లు ఇలాంటి తల్లే.

మూడోది మేము ఎక్కువగా చూసేది, కుటుంబాలు తక్కువగా గమనించేది. తల్లీబిడ్డల స్వభావం ఒకటే అయినప్పుడు వాళ్లిద్దరి మధ్య మాట అవసరమే రాదు. వాడికి దాహం వేసిందని ముఖం చూడకుండానే ఆమెకు తెలుస్తుంది, గ్లాసు చేతికి అందిస్తుంది. మిక్సీ వేసేముందు వాడిని గదిలోకి పంపిస్తుంది. అన్నం, పప్పు కలిస్తే తినడని వేరువేరుగా పెడుతుంది. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. "మీ వాడు అడగడం రాదా?" అంటే "ఎందుకు రాదు, వాడికి కావలసింది నాకు తెలుస్తుంది" అంటుంది. ఆమె చెప్పింది నిజమే. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. బిడ్డ ప్లే స్కూలుకు వెళ్లిన రోజున అక్కడ గ్లాసు అందించే తల్లి ఉండదు. అప్పుడు టీచరు పిలిపించి చెబితే తల్లికి నమ్మబుద్ధి కాదు, కోపం కూడా వస్తుంది.

బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో ఒక మాట అన్నారు. ఆయనకూ ఆటిజం ఉంది. ఆటిజం ఉన్నవారికి ఇతరులు అర్థం కానట్టే, ఇతరులకు కూడా ఆటిజం ఉన్నవారు అర్థం కారని, లోపం ఒకవైపే లేదని ఆయన వాదన. ఇంట్లో బిడ్డను అందరికన్నా బాగా అర్థం చేసుకునేది ముభావంగా ఉండే ఆ తల్లే కావడం మేము చూస్తూనే ఉన్నాం. ఆమెను తప్పుపట్టే ముందు బిడ్డను ఓదార్చడం ఇంట్లో ఎవరికి చేతనవుతోందో చూడండి.

ఇంకొక చిన్న సంగతి. మాటను ఉన్నది ఉన్నట్టు తీసుకునే తల్లి ప్రశ్నను కూడా అలాగే తీసుకుంటుంది. "బాబు మీతో కబుర్లు చెబుతాడా?" అంటే "బాగా చెబుతాడు" అంటుంది. ఆ కబుర్లేమిటని అడిగితే, మెహదీపట్నం వైపు పోయే బస్సుల నంబర్లు వరసగా చెప్పడం. మనం అడిగినదానికి జవాబు చెప్పి, తిరిగి మనల్ని ఒకటి అడగడం అందులో లేదు. ఈ తప్పు తల్లిది కాదు, ప్రశ్న సరిగ్గా అడగని మాది.

2017లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆటిజం ఛాయలున్న తల్లుల విషయంలో తల్లి చెప్పినదానికీ నిపుణులు చూసినదానికీ మధ్య తేడా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తల్లి మాట నమ్మవద్దని దీనికి అర్థం కాదు. తల్లి మాటతో పాటు మరో రెండు కళ్లు కావాలని అర్థం. నిద్రలేమి, దిగులు, ఇంటి గొడవలు కూడా తల్లి జవాబును మార్చగలవు. కాబట్టి వాటిని కూడా దాచకండి.

ఆసుపత్రికి వచ్చేముందు

బిడ్డను చూసేవాళ్లందరూ, అంటే తల్లి, తండ్రి, నాయనమ్మ లేదా అమ్మమ్మ, అంగన్‌వాడీ టీచరు, ఎవరికి వారు విడివిడిగా రాసి తీసుకురండి. రాయడం రానివారు చెబితే ఇంకొకరు రాయవచ్చు. ఒకరిది ఒకరు చూసుకుని దిద్దుకోవద్దు. తేడాలు ఉంటే ఉండనివ్వండి, మాకు పనికివచ్చేవి ఆ తేడాలే. "ఎప్పుడూ", "అస్సలు" అన్న మాటలకు బదులు లెక్క చెప్పండి. పేరు పెట్టి పదిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు తిరిగాడు? తనకు నచ్చింది కనిపిస్తే వేలితో చూపించి మీ ముఖం వంక చూశాడా, లేక మీ చేయి పట్టుకుని లాక్కెళ్లాడా? ఈ రెండూ ఒకటి కావు.

ఒకటి రెండు రోజులు బిడ్డ అడగకముందే అందించే అలవాటును కాస్త ఆపి చూడండి. గ్లాసు కనబడేలా పెట్టి, అర నిమిషం ఆగండి. ఏడిపించేదాకా వద్దు.

సెల్‌ఫోనులో చిన్న వీడియోలు తీయండి. అన్నం తినేటప్పుడు రెండు నిమిషాలు, వేరే పిల్లలు ఉన్నప్పుడు రెండు నిమిషాలు చాలు. "ఇటు చూడు నాన్నా, హాయ్ చెప్పు" అని వాడి చేత చేయించవద్దు. మాసబ్ ట్యాంక్ చుట్టుపక్కల ఉండేవారు ఒక సాయంత్రం చాచా నెహ్రూ పార్కుకు తీసుకెళ్లండి. ఒకప్పుడు మా సాహెబా పేరుతో చెరువు ఉన్న చోటే ఇప్పుడా పార్కు. ఈ ప్రాంతానికి పేరిచ్చిన మా సాహెబా హయాత్ బక్షీ బేగం, గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. అక్కడ జారుడుబల్ల దగ్గర మీ బిడ్డ వయసు పిల్లలు నలుగురైనా కనిపిస్తారు. వాళ్లు ఒకరినొకరు ఎలా చూస్తున్నారో, ఎలా తోసుకుంటున్నారో, ఎవరికి ఏం చూపిస్తున్నారో చూసి, తరువాత మీ బిడ్డను చూడండి. మీ పుట్టింటి కొలబద్దకు తోడు ఇంకో కొలబద్ద దొరుకుతుంది.

తల్లికి ఒక మాట. మీ చిన్నతనం గురించి డాక్టరుకు చెప్పండి. "నాకూ నలుగురిలో ఉండటం కష్టం, నేనూ ఆలస్యంగా మాట్లాడానట" అని చెప్పడానికి సిగ్గుపడవద్దు. అత్తగారి ఎదుట చెప్పలేకపోతే విడిగా మాట్లాడాలని అడగండి. ఆ అవకాశం మేము కల్పించాలి. ఈ సంగతి తెలిస్తే మీ జవాబులను ఎలా అర్థం చేసుకోవాలో మాకు తెలుస్తుంది, ప్రశ్నలను కూడా వివరంగా అడుగుతాం. పెద్దవారి కోసం 2001లో బ్రిటన్‌లో రూపొందించిన 50 ప్రశ్నల పట్టిక ఒకటుంది. అది రోగ నిర్ధారణ పరీక్ష కాదు. మీ స్వభావం మీకు ఇబ్బందిగా ఉంటే, నిద్ర పట్టక, దిగులుగా ఉంటే అప్పుడు మానసిక వైద్యులను కలవండి. బిడ్డ కోసం వచ్చి తమ గురించి తాము తెలుసుకుని "ఇన్నాళ్లూ నాలో ఏదో లోపం ఉందనుకున్నాను" అని తేలికపడిన తల్లులున్నారు.

ఎంతమందికి ఈ అవసరం ఉంటుందని అనుకోకండి. 2 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద మన దేశంలో 5 చోట్ల జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. ఆ అయిదింటిలో హైదరాబాదు ఒకటి. మొత్తం 3,964 మంది పిల్లలను పరీక్షిస్తే, ఆటిజం, వినికిడి లోపం, మూర్ఛ, మాట ఇబ్బంది వంటి తొమ్మిది సమస్యల్లో ఏదో ఒకటి దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. పిలిస్తే పలకని బిడ్డకు ముందుగా చెవి పరీక్ష చేయిస్తాం. వినికిడి లోపం కూడా అచ్చం ఇలాగే కనిపించవచ్చు.

ఇంట్లో ఎవరి మాట ఎలా ఉన్నా, కొన్ని విషయాల్లో వాదన పెట్టుకోకుండా వెంటనే రావాలి. ఏడాది నిండినా అత్త, తాత వంటి శబ్దాలు పలకకపోవడం, వేలితో చూపించకపోవడం, టాటా చెప్పకపోవడం. 16 నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం. రెండేళ్లకు రెండు మాటలు కలిపి సొంతంగా అనలేకపోవడం. ఏ వయసులోనైనా వచ్చిన మాట, నవ్వు, చూపు పోవడం.

ఆటిజం ఉన్న బిడ్డ తరువాత ఇంకో బిడ్డ పుట్టిన ఇళ్లకు ఒక మాట చెప్పాలి. అలా పుట్టిన పిల్లల్లో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఆటిజం ఉండే అవకాశం ఉంది. అంటే నలుగురికి ఉండదు. అయినా మొదటి బిడ్డ తీరుకు అలవాటుపడిన కళ్లకు రెండో బిడ్డ కాస్త చురుగ్గా ఉన్నా ఎంతో బాగున్నట్టు కనిపిస్తుంది. భయపడిన కళ్లకు ప్రతిదీ అనుమానంగా కనిపిస్తుంది. ఆ బిడ్డను 18 నెలలకు ఒకసారి, రెండేళ్లకు ఒకసారి తీసుకురండి. వచ్చేటప్పుడు తల్లి ఒక్కతే కాకుండా తండ్రి కూడా రావాలి. ప్రశ్నల కాగితం ఇద్దరికీ చెరొకటి ఇస్తాం.